స్మార్ట్ మీటర్ పెడితే సాయంత్రం కరెంటుకి ఎక్కువ రేటు పడుతుందా?

కృష్ణలంక_అబ్బాయి:

అందరికీ నమస్తే. మాది విజయవాడ. మా వీధి చివర కిరాణా కొట్టుకి ఈమధ్య స్మార్ట్ మీటర్ పెట్టారు. తర్వాత ఇళ్ళకే అని కొందరు, ఇళ్ళ జోలికి రారని కొందరు. మీటర్ మారడంతో నాకు పేచీ లేదు. మీటర్ మారాక గంటను బట్టి యూనిట్ రేటు కూడా మారుతుందట, పగలు తక్కువ, సాయంత్రం ఎక్కువ. నా టెన్షన్ అంతా దాని గురించే.

మా ఇంటి సంగతి చెప్తాను, చూసి చెప్పండి. నేనూ మా ఆవిడా ఉద్యోగాలకు వెళ్ళి ఆరున్నరకి ఇంటికి చేరతాం. అమ్మా నాన్నా పగలంతా ఇంట్లోనే ఉంటారు కానీ ఫ్యాన్, టీవీ తప్ప ఏమీ వేయరు, మధ్యాహ్నం ఏసీ వేసుకోమన్నా వేసుకోరు. మేం వచ్చాకే వంట, ఇండక్షన్ స్టవ్, వాషింగ్ మెషీన్, పిల్లల గదిలో ఏసీ, తొమ్మిది దాటాక మా గదిలో ఏసీ. మే నెలలో 450 యూనిట్ల దాకా వచ్చింది. ఇప్పుడున్న స్లాబుల్లోనే 225 దాటితే యూనిట్ 8.75, 400 దాటితే 9.75. దీని మీద సాయంత్రం రేటు అని ఇంకోటి వేస్తే ఎట్లా?

2025 ఏప్రిల్ నుంచి ఇళ్ళకి కూడా ఈ పద్ధతి రావాలని కేంద్రం రూల్లో ఉందని చదివాను, మా బిల్లులో మాత్రం స్లాబులే ఉన్నాయి. నిజంగా వస్తే మాలాంటి ఇంటికి ఎంత పెరుగుతుంది? లెక్క తెలిసినవాళ్ళు వివరంగా చెప్పండి. ఇంకోటి, డాబా మీద సోలార్ పెట్టిద్దామని నాన్న అంటున్నారు, ఈ రేట్లు వస్తే అది లాభమా నష్టమా?

పాత_ఏడీఈ:

బాబూ, నేను డిస్కంలో, అంటే కరెంటు పంపిణీ కంపెనీలో, ఏడీఈగా (అసిస్టెంట్ డివిజనల్ ఇంజినీర్) పనిచేసి రిటైరయ్యాను. ముందు రూల్ సంగతి చెప్తాను, వాట్సాప్‌లో సగమే తిరుగుతోంది.

కేంద్రం 2023 జూన్‌లో విద్యుత్ వినియోగదారుల హక్కుల నిబంధనలు సవరించింది. 10 కిలోవాట్లు దాటిన వాణిజ్య, పారిశ్రామిక కనెక్షన్లకు 2024 ఏప్రిల్ 1 నుంచి, వ్యవసాయం తప్ప మిగతా అందరికీ 2025 ఏప్రిల్ 1 నుంచి టైమ్ ఆఫ్ డే రేట్లు ఉండాలని అందులో ఉంది. స్మార్ట్ మీటర్ పెట్టినవాళ్ళకు పెట్టగానే వర్తించాలని కూడా ఉంది. అయితే రేటు ఎంత, ఏ గంటలు పీక్ (వాడకం బాగా ఎక్కువ ఉండే టైమ్) అన్నది కేంద్రం చెప్పదు, మన రాష్ట్ర విద్యుత్ నియంత్రణ కమిషన్ రేట్లు ఖరారు చేసే టారిఫ్ ఆర్డర్‌లో చెప్పాలి. అందుకే ఒక్కో రాష్ట్రం ఒక్కో వేగంతో నడుస్తోంది. టైమ్‌ని బట్టి వేరే రేటు పెట్టే అధికారం కమిషన్లకు 2003 విద్యుత్ చట్టం 62వ సెక్షన్‌లోనే ఉంది, ఫ్యాక్టరీలకు ఎన్నో ఏళ్ళుగా వేస్తున్నారు కూడా. ఇళ్ళ మీటర్లు నెలకు ఒక్క రీడింగే ఇచ్చేవి కాబట్టి మన దగ్గర ఇళ్ళ దాకా రాలేదు.

ఆ రూల్లో మూడు అంకెలు గుర్తుపెట్టుకో. పగలు ఎండ ఉండే 8 గంటలను సోలార్ అవర్స్ అంటారు, ఆ గంటల్లో రేటు మామూలు కన్నా కనీసం 20 శాతం తక్కువ ఉండాలి. పీక్ గంటల్లో ఇళ్ళకు కనీసం 10 శాతం ఎక్కువ, వాణిజ్య, పారిశ్రామిక కనెక్షన్లకు కనీసం 20 శాతం ఎక్కువ. పీక్ గంటలు సోలార్ గంటల కన్నా ఎక్కువ ఉండకూడదు. ఇదంతా ఎనర్జీ చార్జీ (వాడిన యూనిట్లకు కట్టే డబ్బు) మీదే, ఫిక్స్‌డ్ చార్జీ మీద కాదు.

ఇప్పుడు నీ ఇంటి లెక్క. 450 యూనిట్లకు మన స్లాబుల ప్రకారం ఎనర్జీ చార్జీ సుమారు 3,036 రూపాయలు, అంటే సగటున యూనిట్‌కి 6.75. నువ్వు చెప్పినదాన్ని బట్టి పగటి 8 గంటల్లో ఒక 100 యూనిట్లు, సాయంత్రం 6 నుంచి 10 దాకా 130, మిగతా 220 రాత్రీ తెల్లవారుజామునా అనుకుందాం. పగటి 100 మీద 20 శాతం తగ్గితే 20 యూనిట్ల డబ్బు తగ్గినట్టు. సాయంత్రం 130 మీద 10 శాతం పెరిగితే 13 యూనిట్ల డబ్బు పెరిగినట్టు. తీసేస్తే 7 యూనిట్లు నీకే మిగిలాయి, 47 రూపాయలు తక్కువ. రాత్రి 10 తర్వాత నడిచే ఏసీ అటూ ఇటూ కాదు, మామూలు రేటే.

అంటే రూల్లో ఉన్న కనీస శాతాలే పెడితే, నీ సాయంత్రం యూనిట్లు పగటి యూనిట్లకు రెట్టింపు దాటితే తప్ప బిల్లు పెరగదు. నీ ఇంట్లో పెద్దవాళ్ళు పగలు ఉంటారు, ఫ్రిజ్ ఇరవై నాలుగు గంటలూ నడుస్తుంది, కాబట్టి రెట్టింపు దాటే అవకాశం తక్కువ. పొద్దున తాళం వేసి రాత్రి తీసే ఇళ్ళకు దాటుతుంది.

కాకపోతే ఇవి కనీస శాతాలు. కమిషన్ అంతకన్నా ఎక్కువ పెట్టొచ్చు. కేరళ సంగతి చూడు. అక్కడ నెలకు 250 యూనిట్లు దాటిన ఇళ్ళకు 2025 జనవరి నుంచి ఉదయం 6 నుంచి సాయంత్రం 6 దాకా 10 శాతం తక్కువ, 6 నుంచి 10 దాకా 25 శాతం ఎక్కువ, రాత్రంతా మామూలు. అవే శాతాలు నీ ఇంటికి వేసి చూస్తే పగటి 12 గంటల్లో 150 యూనిట్లు అనుకున్నా తగ్గేది 15 యూనిట్ల డబ్బు, పెరిగేది ముప్పై రెండున్నర. సుమారు 118 రూపాయలు అదనం. ఇల్లు అదే, అలవాట్లు అవే. ఒక లెక్కలో 47 తగ్గుతుంది, ఇంకో లెక్కలో 118 పెరుగుతుంది. కాబట్టి ఈ పద్ధతి మంచిదా చెడ్డదా అని అడిగితే నా దగ్గర ఒక్క మాటలో జవాబు లేదు, ఆర్డర్‌లో ఏ శాతాలు ఉన్నాయో చూశాకే ఏదన్నా అనగలం.

పద్మజ_నిజాంపేట:

సార్ లెక్క బాగుంది, కానీ అసలు ఎవరి సాయంత్రానికి రేటు పెంచుతున్నారో కూడా మాట్లాడుకోవాలి. ఆరు నుంచి పది అంటే ఇంట్లో అందరూ ఉండే టైమ్. కుక్కర్ పెట్టేది, పిల్లల చేత హోంవర్క్ చేయించేది, రేపటి ఇడ్లీకి పిండి రుబ్బేది, బట్టలు మెషీన్‌లో వేసేది అప్పుడే. ఈ పనుల్లో ముప్పాతిక వంతు ఇంట్లో ఆడవాళ్ళే చేస్తారు. "జరుపుకోండి" అని ఎవరైనా తేలిగ్గా చెప్తారు, పదింటి తర్వాత మెషీన్ వేస్తే పదకొండున్నరకి బట్టలు ఆరేసేది ఎవరు? ఉద్యోగం చేసి వచ్చిన మనిషి నిద్ర అది.

రెండోది, నాలాగా అద్దెకు ఉండేవాళ్ళు. నేను ఉన్న బిల్డింగ్‌లో మెయిన్ మీటర్ ఓనర్ పేరు మీద ఉంది, మాకు సబ్ మీటర్లు. నెలాఖరుకి సబ్ మీటర్ చూసి యూనిట్‌కి ఇంత అని ఒకే రేటున తీసుకుంటారు. రేపు పగలు 20 శాతం తగ్గిస్తే ఆ తగ్గింపు మా దాకా వస్తుందా? ఓనర్ ఫోన్‌లో యాప్ ఉంటుంది, గంటవారీ లెక్క ఆయనకు కనపడుతుంది, మాకు ఒక అంకె చెప్తారు అంతే. పీజీ హాస్టళ్ళలో ఉండే పిల్లల పరిస్థితీ ఇదే.

ఇంకో సంగతి. తెలంగాణలో గృహజ్యోతి కింద 200 యూనిట్ల లోపు వాడే అర్హులకు 2024 మార్చి నుంచి జీరో బిల్లు వస్తోంది. వాళ్ళు సాయంత్రం వాడినా మధ్యాహ్నం వాడినా కట్టేది సున్నాయే. మరీ ఎక్కువ వాడే పెద్ద ఇళ్ళవాళ్ళకు యాభై, వంద రూపాయలు లెక్కే కాదు. మధ్యలో 250, 300 యూనిట్ల ఇళ్ళవాళ్ళే గడియారం చూసుకుంటూ బతకాలా? సిస్టమ్‌కి అవసరం ఉందంటే నేను కాదనను. ఆ అవసరం ఏంటో, దానికి వంటింటి నుంచే ఎందుకు మొదలుపెట్టాలో ఎవరైనా చెప్పండి.

పాత_ఏడీఈ:

పద్మజ గారూ, అడగవలసిన ప్రశ్నే అడిగారు. అవసరం ఏంటో చెప్తాను.

2024 మే 30న దేశం మొత్తం డిమాండ్ 250 గిగావాట్ల దాకా వెళ్ళింది, అప్పటికి అదే రికార్డు. అది మధ్యాహ్నం టైమ్, ఎండ ఉంది, సోలార్ ఉంది, గడిచిపోయింది. అసలు కష్టం ఆరు దాటాక మొదలవుతుంది. సోలార్ గంటా గంటన్నరలో పూర్తిగా పడిపోతుంది, అదే గంటలో ఇళ్ళల్లో లైట్లు, స్టవ్‌లు, ఏసీలు ఆన్ అవుతాయి. మధ్యాహ్నం సోలార్‌కి చోటు ఇవ్వడానికి మన ఇబ్రహీంపట్నం లాంటి చోట్ల బొగ్గుతో కరెంటు తీసే యూనిట్ల ఉత్పత్తిని కిందికి దించాలి. సామర్థ్యంలో 55 శాతం దాకా దించి నడపగలగాలని సెంట్రల్ ఎలక్ట్రిసిటీ అథారిటీ 2023లో రెగ్యులేషన్ తెచ్చింది. సాయంత్రం అదే యూనిట్‌ని మళ్ళీ పైకి లాగాలి. రోజూ ఇలా దించి లేపితే బాయిలర్ గొట్టాలు అలిసిపోతాయి, రిపేర్లు పెరుగుతాయి. అప్పటికీ చాలకపోతే కరెంటు అమ్మే ఎక్స్చేంజిలో కొనాలి. అక్కడ రోజును పావుగంట చొప్పున 96 బ్లాకులు చేసి వేలం వేస్తారు. యూనిట్ గరిష్ఠ ధరను 2023 ఏప్రిల్‌లో 12 నుంచి 10 రూపాయలకు దించారు, ఎండాకాలం సాయంత్రాల్లో ధర ఆ పది దగ్గరే కూర్చుంటుంది. అదే రోజు మధ్యాహ్నం రెండు మూడు రూపాయలకే దొరుకుతుంది. డిస్కం మాత్రం రెండు పూటలా మన దగ్గర ఒకే రేటు తీసుకుంటుంది, ఆ తేడా చివరికి ట్రూ అప్ (అసలు ఖర్చు తేలాక చేసే సర్దుబాటు) పేరుతో అందరి బిల్లుల్లోకీ వస్తుంది, మధ్యాహ్నం మాత్రమే వాడినవాడి బిల్లులోకి కూడా.

ఇంకో వివరం. కేరళలో ఇంతకు ముందు రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా 10 శాతం తగ్గింపు ఉండేది, పగలు మామూలు రేటు. ఇప్పుడు తిరగేశారు, పగలు తగ్గింపు, రాత్రి మామూలు. చిన్నప్పటి నుంచి మనకు రాత్రి కరెంటు చవక అని అలవాటు, రాత్రి పంపులు, రాత్రి షిఫ్టులు అన్నీ ఆ లెక్కతో వచ్చినవే. సోలార్ వచ్చాక చవక గంటలు మధ్యాహ్నానికి మారాయి.

వంటింటి నుంచి ఎందుకు అంటే, వంటింటి నుంచి మొదలుపెట్టకూడదనే నా అభిప్రాయం కూడా. ఏసీ, గీజర్, నీళ్ళ మోటారు, బండి చార్జింగ్, ఇవి జరిపినా మనిషికి నొప్పి లేనివి. స్టవ్ అలా కాదు. అందుకే ఇళ్ళకు పీక్ శాతం 10 దగ్గరే ఉంచి, పగటి తగ్గింపు బాగా ఇస్తే న్యాయంగా ఉంటుందని నేననుకుంటాను. కేరళ శాతాలు ఉద్యోగస్తుల ఇళ్ళకు బరువే.

జీడిమెట్ల_మౌల్డింగ్:

అన్నా, నేను ఫ్యాక్టరీ వైపు నుంచి చెప్తాను, మేం దీంట్లో ఎప్పటి నుంచో ఉన్నాం కాబట్టి.

మాది చిన్న ప్లాస్టిక్ మౌల్డింగ్ యూనిట్, 11 కేవీ హెచ్‌టీ (హై టెన్షన్) కనెక్షన్. ఎనర్జీ చార్జీ 7.65. ఉదయం 6 నుంచి 10, సాయంత్రం 6 నుంచి 10 పీక్, యూనిట్ మీద రూపాయి అదనం, అంటే 8.65. రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా తగ్గింపు, అది రూపాయి ఉండేది, 2024 అక్టోబర్ ఆర్డర్‌లో కమిషన్ రూపాయిన్నర చేసింది, అంటే 6.15. పీక్‌కీ రాత్రికీ మధ్య యూనిట్‌కి రెండున్నర తేడా. కాగితం మీద చూస్తే రాత్రి షిఫ్ట్ వేసెయ్ అనిపిస్తుంది.

షాప్ ఫ్లోర్ మీద అలా ఉండదు. మౌల్డింగ్ మెషీన్‌ని ఆరింటికి ఆపి పదింటికి మళ్ళీ పెట్టలేం. బ్యారెల్ హీటర్లు చల్లారితే మళ్ళీ 200 డిగ్రీల పైకి రావడానికి గంట పడుతుంది, లోపల మెటీరియల్ గడ్డకడుతుంది, పర్జింగ్ చేసి కొంత ముడిసరుకు పారబోయాలి, మొదటి పీసులు రిజెక్ట్. ఆపడం వల్ల మిగిలే డబ్బు కన్నా పోయేదే ఎక్కువ. చిల్లర్ కూడా మెషీన్‌తో పాటే నడవాలి. నిజంగా జరపగలిగింది స్క్రాప్ గ్రైండర్ ఒక్కటి. దాన్ని రాత్రికి మార్చాం. దాని చప్పుడుకి వెనక బస్తీ వాళ్ళు నిద్రపట్టట్లేదని వచ్చారు, వాళ్ళు అడిగింది న్యాయమే, అందుకని రాత్రి మానేసి మధ్యాహ్నం మామూలు రేటులో నడుపుతున్నాం. రాత్రి షిఫ్ట్ అంటే ఒక్క మనిషిని పెట్టకూడదు, ఇద్దరుండాలి, అలవెన్స్ ఇవ్వాలి, ఇంటికి వెళ్ళడానికి బండి చూడాలి. యూనిట్‌కి రెండున్నర తేడా కాస్తా అక్కడే సగం కరిగిపోతుంది.

పాత ఏడీఈ సార్‌ని ఒకటి అడగాలి. రూల్ ప్రకారం తగ్గింపు పగలు ఇవ్వాలంటున్నారు కదా, మాకు వచ్చిన తగ్గింపు రాత్రికి. మధ్యాహ్నం ఇస్తే నాలాంటి చిన్న యూనిట్లన్నిటికీ రాత్రి షిఫ్ట్ గొడవే ఉండదు, గ్రైండర్, కంప్రెసర్ పనులన్నీ పన్నెండు నుంచి నాలుగు మధ్య పెట్టుకుంటాం. ఈ మాట మా అసోసియేషన్ తరఫున గట్టిగా చెప్పాలనుంది.

కృష్ణలంక తమ్ముడూ, నీకొక సలహా. జరపడం గురించి ఆలోచించే ముందు ఒక నెల గంటవారీ లెక్క చూడు. మేం చూశాక తెలిసింది, బిల్లు ఎక్కువ రావడానికి కారణం మెషీన్లు కాదు, ఎయిర్ కంప్రెసర్ లీకులు. రాత్రీ పగలూ ఊరికే లోడ్ ఎక్కుతూ ఉండేది.

మిస్సిసాగా_తెలుగు:

మేం కెనడా ఒంటారియోలో ఉంటాం, ఇక్కడ ఇళ్ళకు ఈ పద్ధతి చాలా ఏళ్ళ నుంచి ఉంది. పద్మజ గారు అన్న బాధ ఇక్కడా ఉంది, కానీ ఒక విషయంలో మేలు. ఇక్కడ ప్లాన్ మనమే ఎంచుకోవచ్చు. 2020 నవంబర్ నుంచి టైమ్ ప్రకారం రేటు కావాలా, మన ఊళ్ళో లాగా స్లాబు రేటు కావాలా అని మనమే చెప్పొచ్చు. 2023 మేలో మూడోది వచ్చింది, అల్ట్రా లో ఓవర్‌నైట్ అని. రాత్రి 11 నుంచి ఉదయం 7 దాకా మొదట్లో యూనిట్ 2.4 సెంట్లు, పని రోజుల్లో సాయంత్రం 4 నుంచి 9 దాకా 24 సెంట్లు. సరిగ్గా పది రెట్లు. రేట్లు ఏటా నవంబర్ 1న మారతాయి, ఆ తేడా మాత్రం అలాగే ఉంటోంది.

ఎలక్ట్రిక్ కారు ఉన్నవాళ్ళకు ఆ మూడో ప్లాన్ బాగా కలిసొస్తుంది, పదకొండు తర్వాత కారే చార్జింగ్ మొదలుపెట్టుకుంటుంది, మనిషి లేవక్కర్లేదు. కారు లేని ఇంట్లో అదే ప్లాన్ తీసుకుంటే దెబ్బ. ఇక్కడ స్టవ్‌లు చాలా ఇళ్ళలో కరెంటువే, సాయంత్రం ఆరింటికి పప్పూ కూరా చారూ మూడు బర్నర్ల మీద పెడితే పది రెట్ల రేటులో వండినట్టు. మా పక్కింటి తెలుగు కుటుంబం అందుకే స్లాబు ప్లాన్‌లోనే ఉండిపోయారు, వాళ్ళ అమ్మగారు ఆర్నెల్లు ఇక్కడే ఉంటారు, రెండు పూటలా వంట, వాళ్ళ ఇంటికి అదే సరైన లెక్క. మేం మామూలు టైమ్ ప్లాన్‌లో ఉన్నాం, అందులో శని ఆదివారాలు రోజంతా తక్కువ రేటే, బట్టలన్నీ శనివారం ఉతుకుతాం.

పీక్ గంటలు సీజన్‌ని బట్టి మారతాయి, అది కూడా నాకు నచ్చింది. మామూలు ప్లాన్‌లో వేసవిలో ఉదయం 11 నుంచి సాయంత్రం 5 దాకా పీక్, ఏసీల వల్ల. చలికాలంలో ఉదయం 7 నుంచి 11, సాయంత్రం 5 నుంచి 7, హీటర్లూ లైట్ల వల్ల. మన రాష్ట్రాల్లో కూడా మే నెల సాయంత్రం, డిసెంబర్ సాయంత్రం ఒకటి కాదు కదా. ఏడాది పొడుగునా ఒకే పీక్ పెట్టడం ఎందుకు?

కృష్ణలంక గారూ, స్మార్ట్ మీటర్ వస్తే కంగారు పడకండి, వచ్చిన రోజు నుంచే గంటవారీ గ్రాఫ్ చూడటం అలవాటు చేసుకోండి. నిన్నటి 24 గడులు ఇవాళ కనపడతాయి. ఏ గడి పొడుగ్గా ఉందో చూస్తే ఏ వస్తువో ఇట్టే తెలిసిపోతుంది.

ఫ్రీమాంట్_నుంచి:

సోలార్ ప్రశ్నకి ఎవరూ జవాబు ఇవ్వలేదు కాబట్టి నేను చెప్తాను. కాలిఫోర్నియాలో మాకు సాయంత్రం 4 నుంచి 9 దాకా పీక్. ఇక్కడ 2023 ఏప్రిల్ 14 దాకా అప్లై చేసినవాళ్ళకు పాత నెట్ మీటరింగ్, మధ్యాహ్నం గ్రిడ్‌కి పంపిన యూనిట్‌కి ఇంచుమించు కొనే రేటే జమ అయ్యేది. ఆ తర్వాత అప్లై చేసినవాళ్ళకు జమ బాగా తగ్గిపోయింది, మధ్యాహ్నం యూనిట్‌కి గ్రిడ్ దగ్గర విలువ లేదు అన్నదే కారణం. అప్పటి నుంచి ఇక్కడ బ్యాటరీ లేకుండా సోలార్ పెట్టించేవాళ్ళు బాగా తగ్గారు.

అక్కడ కూడా పగటి రేటు 20 శాతం తగ్గితే, మీ ప్యానెల్ పగలు మిగిల్చే యూనిట్ విలువ కూడా తగ్గించాలనే మాట ఏదో ఒక రోజు వస్తుంది. అందుకని నాన్నగారికి చెప్పండి, పెట్టిస్తే పగలు ఇంట్లోనే ఖర్చయ్యేంత సైజు పెట్టించండి, గ్రిడ్‌కి అమ్ముకుందామని డాబా నిండా కాదు. ఇండియాలో పీఎం సూర్యఘర్ కింద 3 కిలోవాట్లకు 78,000 రూపాయల సబ్సిడీ ఉంది, అంతకన్నా పెద్దది పెట్టినా సబ్సిడీ పెరగదు. మే నెలలో 450 యూనిట్లు వచ్చే ఇంటికి 3 కిలోవాట్లకు మించి అక్కర్లేదు. నెట్ మీటరింగ్ అగ్రిమెంట్‌లో ఎన్నేళ్ళకు రాసిస్తున్నారో, మధ్యలో రేటు మార్చే హక్కు ఎవరికుందో సంతకం పెట్టే ముందు చదవండి. ముఖ్యంగా అమ్మా నాన్నలను మధ్యాహ్నం ఏసీ వేసుకోమనండి, సొంత సోలార్ ఉంటే ఆ గంటలో అది దాదాపు ఉచితం, విజయవాడ మే ఎండలో పెద్దవాళ్ళు ఫ్యాన్ కింద ఉండటం ఆరోగ్యానికి కూడా మంచిది కాదు.

కృష్ణలంక_అబ్బాయి:

అందరికీ చాలా థాంక్స్, ఇంత వివరంగా చెప్తారనుకోలేదు. ఏడీఈ సార్, ఇంకో రెండు డౌట్లు. స్మార్ట్ మీటర్ పెట్టాక లోడ్ ఎక్కువ వాడుతున్నారని ఫైన్ వేస్తారని మా కొట్టు ఆయన భయపడుతున్నాడు, అది నిజమా? రెండోది, నాకు తెలిసిన ఒక అపార్ట్‌మెంట్‌లో కామన్ మీటర్ బిల్లు బాగా వస్తోంది, లిఫ్టులూ నీళ్ళ మోటార్లూ, అలాంటివాటికి ఈ పద్ధతి కలిసొస్తుందా?

పాత_ఏడీఈ:

మొదటిది. అదే 2023 సవరణలో ఉంది చూడు, స్మార్ట్ మీటర్ పెట్టాక, పెట్టక ముందు కాలానికి ఎక్కువ డిమాండ్ వాడావని పెనాల్టీ వేయకూడదు. ఆ తర్వాత కూడా ఒక ఆర్థిక సంవత్సరంలో మూడుసార్లైనా శాంక్షన్డ్ లోడ్ (కనెక్షన్‌కి మంజూరైన లోడ్) దాటితేనే లోడ్ పెంచాలి. అదీకాక మీటర్‌ని రోజుకు కనీసం ఒకసారి దూరం నుంచే చదివి ఆ లెక్క వినియోగదారుడికి ఇవ్వాలని కూడా రాశారు. ఇది మన హక్కు. పద్మజ గారు చెప్పిన సబ్ మీటర్ ఇళ్ళలో ఓనర్‌ని అడగవలసింది కూడా ఈ లెక్కే. ఇదంతా కొట్టు ఆయనకు ప్రింట్ తీసి ఇవ్వు.

రెండోది. అపార్ట్‌మెంట్ మోటారంత సులువుగా జరిగే లోడ్ ఇంకోటి లేదు. చాలా చోట్ల వాచ్‌మన్ ఉదయం ఆరింటికీ సాయంత్రం ఆరింటికీ మోటార్ వేస్తాడు, రెండూ సిస్టమ్‌కి కష్టమైన టైమే. పైన ట్యాంకు పెద్దదైతే అదే నీళ్ళు పదకొండింటికీ మూడింటికీ ఎక్కించొచ్చు. ఒక టైమర్, ఫ్లోట్ స్విచ్ పెట్టిస్తే వాచ్‌మన్ గుర్తుపెట్టుకోవలసిన పని కూడా ఉండదు. కనెక్షన్‌కి టైమ్ రేట్లు వచ్చాక మొదటి నెల నుంచే తేడా కనపడుతుంది.

ఇంకో లెక్క. కనీస శాతాల ప్రకారం నువ్వు ఒక యూనిట్‌ని సాయంత్రం నుంచి మధ్యాహ్నానికి జరిపితే నీకు మిగిలేది రెండు రూపాయలు. అదే యూనిట్ అసలు వాడకపోతే పై స్లాబులో 9.75 మిగులుతుంది. ఏసీ ఒక డిగ్రీ పైన పెడితే సుమారు 6 శాతం కరెంటు ఆదా అని బ్యూరో ఆఫ్ ఎనర్జీ ఎఫిషియెన్సీ చెప్తోంది. 22లో నడిచే గదిని 26కి తెచ్చి ఫ్యాన్ వేసుకుంటే చాలు, వంట టైమ్ మార్చుకోవలసిన పని లేదు.

జీడిమెట్ల మిత్రుడు అడిగినదానికి. ఏటా నవంబర్ చివరికల్లా డిస్కంలు వచ్చే ఏడాది టారిఫ్ ప్రతిపాదనలు కమిషన్‌కి ఇవ్వాలి. పేపర్లో ప్రకటన వస్తుంది, వెబ్‌సైట్‌లో మొత్తం పెడతారు, అభ్యంతరాలు ఎవరైనా పంపొచ్చు. అసోసియేషనే అక్కర్లేదు, ఒక వినియోగదారుడు తెల్లకాగితం మీద రాసినా కమిషన్ తీసుకుని పరిశీలించాలి, ఆర్డర్‌లో దానికి సమాధానం ఇస్తుంది. కాపీ డిస్కంకి కూడా పంపాలి, విచారణలో స్వయంగా మాట్లాడాలనుకుంటే ఆ మాట అందులోనే రాయాలి. సోలార్ గంటల తగ్గింపు పరిశ్రమలకు మధ్యాహ్నం ఇవ్వమని, ఇళ్ళకు పీక్ 10 శాతం దాటొద్దని, స్లాబు రేటులోనే ఉండే అవకాశం కూడా ఇమ్మని మూడు వేర్వేరు పాయింట్లుగా రాయండి, ఒకటి కొట్టేసినా మిగతావి నిలుస్తాయి.

పద్మజ_నిజాంపేట:

నాలుగోది కూడా చేర్చండి సార్. సబ్ మీటర్ పెట్టి అద్దెకిచ్చే ఓనర్ ఏ గంటకు ఏ రేటు కట్టాడో అదే రేటు కిరాయిదారుకి వేయాలని. తెలంగాణ కమిషన్‌కి నేను పంపుతాను, ఇక్కడ ఇంకెవరైనా కిరాయిదార్లు ఉంటే మెసేజ్ పెట్టండి, ఒకే డ్రాఫ్ట్ మీద అందరం విడివిడిగా సంతకాలు పెట్టి పంపుదాం.